యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే నిద్ర సంగతీ అడగాలి

అందరికీ నమస్కారమండి. బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతుంటే రక్తపరీక్ష చేయిస్తారు. యూరిక్ యాసిడ్ 8 అనో 9 అనో వస్తుంది. ఆ క్షణం నుంచి ఇంట్లో రొయ్యలు బంద్, పప్పు కూడా బంద్. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావని మాత్రం ఎవరూ అడగరు.

ముందు పప్పు సంగతి చెబుతాను. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే ఈ కీళ్ల వాపునే గౌట్ అంటారు. పప్పులో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లనే పదార్థాలున్నా వాటితో గౌట్ ముప్పు పెరగదు, పప్పు మానక్కర్లేదు. తగ్గించాల్సినవి ఎండుచేపలు, రొయ్యలు, మేక కాలేయం, బీరు, కల్లు, తీపి కూల్‌డ్రింకులు. అయినా యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం తిండిలోంచి రాదు, ఒంట్లోనే తయారవుతుంది. డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది రక్తంలో పూర్తిగా కరిగి ఉండదు, కీళ్లలో స్ఫటికాలుగా పేరుకోవచ్చు.

ఇక నిద్ర. తక్కువ నిద్రపోయేవారిలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో కనబడింది. అన్నీ ఒకే మాట చెప్పలేదు. బరువు, బీపీ, మద్యం ఇందులో కలిసిపోతాయి కాబట్టి నిద్ర తగ్గడమే కారణమని తేల్చెయ్యలేం. గురక విషయంలో మాత్రం దారి ఇంకాస్త స్పష్టంగా ఉంది.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందనే కదా ఏరియేటర్లు తిప్పుతాం. గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగేవారి రక్తంలోనూ రాత్రి పదేపదే ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ విరిగిపోతుంది, ఆ ముక్కలు చివరికి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో అర్ధరాత్రి నుంచి ఉదయం 8 లోపు గౌట్ నొప్పి మొదలయ్యే ముప్పు పగటికంటే 2.4 రెట్లు ఉన్నట్టు తేలింది. రాత్రి ఒంటి వేడి తగ్గడం, నీరు తగ్గడం కూడా దీనికి తోడవుతాయని అనుకుంటున్నారు.

చెరువు కాపలా ఉన్నవారు ఇద్దరుంటే రాత్రిని పంచుకోండి, వారం వారం వంతులు మార్చకండి. పగలు పడుకునే గది చీకటిగా ఉంచి, మొత్తం 7 గంటలు వచ్చేలా చూసుకోండి. మెలకువ కోసం తీపి కూల్‌డ్రింకు తాగొద్దు, మంచినీళ్లు తాగండి. కిడ్నీ, గుండె జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరుని అడగండి. రాత్రి మద్యం పుచ్చుకుంటే గురక ముదురుతుంది, యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుంది.

రక్తపరీక్షలోనూ పొరపాటు జరుగుతుంది. నొప్పి ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు. నొప్పి తగ్గి రెండు వారాలు దాటాక మళ్లీ చేయించండి. నొప్పి ఎప్పుడూ రాకుండా అంకె మాత్రమే ఎక్కువుంటే చాలామందికి మందు అక్కర్లేదు. బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు దీన్ని పెంచుతాయి, అలాగని సొంతంగా ఆపకండి. గౌట్‌కు యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మందు మొదలుపెడితే నొప్పి తగ్గిందని మానేయకండి. యూరిక్ యాసిడ్‌ను 6 కంటే తక్కువకు దించి అక్కడే నిలపాలి.

వారం రోజులు పడుకున్న వేళ, లేచిన వేళ, గురక, ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లచేత రాయించండి. రిపోర్టుతో పాటు ఆ కాగితమూ డాక్టరుకు చూపించండి.