సాఫ్ట్‌వేర్ మారినా కాగితం మీద కొలత మారకూడదు

సభకు నమస్కారం.

ఆర్కిటెక్టులు, డ్రాఫ్ట్స్‌మన్లు, సైట్ ఇంజినీర్లు ఒకేచోట కూర్చున్న సభ ఇది. అందుకే ముగ్గురికీ పనికివచ్చే అంశాన్నే ఎంచుకున్నాను. కార్యాలయంలో డ్రాయింగులు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ తీసి కొత్తది వేసుకున్నప్పుడు మన ఫైళ్ల సంగతి, డ్రాయింగులను పెద్ద కాగితం మీద అచ్చువేసే ప్లాటర్ అమరికల సంగతి ఏమవుతుందో ఈ పూట వివరంగా మాట్లాడుకుందాం.

డ్రాయింగు అంటే ఆటోకాడ్ సేవ్ చేసే డీడబ్ల్యూజీ ఫైలు ఒక్కటే అని మనలో చాలామందికి ఒక నమ్మకం. గోడలూ తలుపులూ ఆ ఫైలులో ఉండే మాట నిజమే గాని, ఏ రంగు గీత కాగితం మీద ఎంత మందంగా పడాలో చెప్పేది సీటీబీ ఫైలు. ఏ ప్లాటరుకు ఎలా పంపాలో చెప్పేది పీసీ3 ఫైలు. మనం సొంతంగా పెట్టుకున్న కాగితం సైజులనూ, ప్లాటర్ కొలత సరిదిద్దిన లెక్కలనూ దాచిపెట్టేది పీఎంపీ ఫైలు. అక్షరాల ఆకారం ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు ఫైళ్లలో ఉంటుంది. అప్‌గ్రేడ్ రోజున డీడబ్ల్యూజీలను అందరూ భద్రంగా బ్యాకప్ తీసుకుంటారు. మిగిలిన నాలుగూ వాడుకరి పేరిట, వెర్షనుకొకటిగా ఉండే లోపలి ఫోల్డర్లలోనో, ప్రోగ్రామ్ ఫోల్డరులోనో ఎవరి కంటా పడకుండా ఉండిపోయి, పాత కంప్యూటరుతో పాటే వెళ్లిపోతాయి.

మా కార్యాలయంలో కొన్నేళ్ల క్రితం సరిగ్గా ఇదే జరిగింది. కొత్త వెర్షన్ వేసిన మర్నాడే ఒక ఇంటి పునాది డ్రాయింగు ఏ1 కాగితం మీద సైటుకు పంపాల్సి వచ్చింది. సీటీబీ దొరకనందున గీతలన్నీ తెర మీది రంగుల్లోనే పడ్డాయి. మేము కొలతలకు వాడేది పసుపు రంగు, తెల్ల కాగితం మీద అది కనపడదు. మేము పెట్టుకున్న ఏ1 సైజు జాబితాలో లేకపోవడంతో, తొందరలో ఉన్న మా కుర్రవాడు, స్కేలుతో సంబంధం లేకుండా డ్రాయింగును కాగితంలో పట్టించే ‘ఫిట్ టు పేపర్’ మీద టిక్కు పెట్టి ప్లాట్ తీశాడు. డ్రాయింగు వివరాలు రాసే టైటిల్ బ్లాకులో మాత్రం స్కేలు 1:100 అనే ఉంది. మధ్యాహ్నం మేస్త్రి ఫోను చేశాడు: “సార్, అంకెలు కనపడటం లేదు. స్కేలు పెట్టి చూస్తే ఈ రెండు కాలమ్‌ల మధ్య పద్నాలుగడుగుల రెండంగుళాలు వస్తోంది. మొన్నటి కాగితంలో పద్నాలుగు తొమ్మిది ఉంది కదండీ?” నాలుగున్నర మీటర్ల దూరం కాగితం మీద 45 మిల్లీమీటర్లు రావలసింది, 43 దాటి కొద్దిగా వచ్చింది. ఆయనకు పాత కాగితం గుర్తుంది కాబట్టి గుంతలు తవ్వక ముందే ఆగాడు. తప్పు పూర్తిగా మాది. డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవకూడదని మనం ఎంత రాసినా, అంకె కనపడనప్పుడు సైటులో మనిషి స్కేలే పెడతాడు.

ఇక ఫైళ్ల విషయం. వెర్షన్ మారిన ప్రతిసారీ డీడబ్ల్యూజీ రూపం మారదు. 2004 రూపం 2006 దాకా, 2007 రూపం 2009 దాకా, 2010 రూపం 2012 దాకా, 2013 రూపం 2017 దాకా నడిచాయి. 2018లో వచ్చిన రూపం ఆ తర్వాత అనేక వెర్షన్లలో కొనసాగింది. ఒక ఫైలు ఏ రూపంలో ఉందో అనుమానం వస్తే దాని నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూడండి. ఏసీ1027 అని ఉంటే 2013 రూపం, ఏసీ1032 అని ఉంటే 2018 రూపం. 2016 వాడుతున్న స్ట్రక్చరల్ ఇంజినీరుకు రెండో రకం ఫైలు పంపితే అది తెరుచుకోదు. పైగా పాత ఫైలును కొత్త వెర్షనులో తెరిచి సేవ్ నొక్కితే, అడగకుండానే కొత్త రూపంలోకి మారిపోవచ్చు. కాబట్టి ఆప్షన్స్‌లో ‘ఓపెన్ అండ్ సేవ్’ పేజీకి వెళ్లి, మనతో పనిచేసేవారందరిలో పాత వెర్షన్ ఎవరిదో చూసుకుని, ఆ రూపంలోనే సేవ్ అయ్యేలా మొదటిరోజే పెట్టాలి. ఇప్పటికే మారిపోయిన ఫైళ్లను వెనక్కి తేవడానికి ఉచితంగా దొరికే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ అనే ప్రోగ్రామ్ సరిపోతుంది. భవనాన్ని మోడలుగా తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఈ వెసులుబాటు లేదు. ఒకసారి పైవెర్షనుకు వెళ్లిన మోడల్ కిందికి రాదు. అందువల్ల అక్కడ పాత నకలును విడిగా దాచుకోవడం తప్పనిసరి.

భవనాల కోసమే ఉన్న ఆటోకాడ్ ఆర్కిటెక్చర్‌లో గీసేవారు మరో సంగతి గమనించాలి. అందులోని గోడ మామూలు గీతల జత లాంటిది కాదు, తనకంటూ ఎత్తూ మందమూ తెలిసిన వస్తువు. బయటివారికి పంపేటప్పుడు ‘ఎక్స్‌పోర్ట్ టు ఆటోకాడ్’ ద్వారా మామూలు గీతలుగా మార్చిన నకలును పంపడం మంచిది.

ప్లాటర్ దగ్గరకు వద్దాం. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పీసీ3 ఫైలును కొత్త ఫోల్డరులోకి తెచ్చుకుంటే పని అయిపోయిందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ పీసీ3 తనకు సంబంధించిన పీఎంపీ ఎక్కడుందో దారితో సహా గుర్తుపెట్టుకుంటుంది. ఆ దారి పాత వెర్షన్ ఫోల్డరుదైతే సొంత కాగితం సైజులు మాయమవుతాయి. ప్లాటర్ కాన్ఫిగరేషన్ ఎడిటర్ తెరిచి, పీఎంపీని మళ్లీ జతచేసి సేవ్ చేయాలి. కంప్యూటరుకూ ప్లాటరుకూ మధ్య పనిచేసే విండోస్ డ్రైవర్ కూడా మారితే పాత పీసీ3తో తంటాలు పడేకంటే కొత్తది తయారుచేసి, సైజులు మళ్లీ ఇచ్చుకోవడమే మేలని నా అనుభవం. కొత్త డ్రైవర్ అంచుల్లో వదిలే ఖాళీ పాతదానితో సమానంగా ఉండకపోవచ్చు. టైటిల్ బ్లాకు కుడివైపు గీత తెగిపోతోందంటే మొదట చూడవలసింది ఆ ఖాళీనే.

వీటన్నిటికీ నేను చెప్పే ఉపాయం ఒకటే. సీటీబీ, పీసీ3, పీఎంపీ, ఫాంట్లు, టెంప్లేట్లు అన్నీ సర్వరులో ఒక ఫోల్డరులో పెట్టి, ప్రతి కంప్యూటరులోనూ ఆప్షన్స్‌లోని ఫైల్స్ పేజీలో ఆయా దారులు అక్కడికే చూపండి. తర్వాత ఏ వెర్షన్ వచ్చినా దారి చూపడమే మిగులుతుంది. తెలుగు శీర్షికలకు ‘అను’ అనే పేరుగల, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు వాడినవారు ఆ ఫాంట్లను కూడా కొత్త యంత్రంలో వేసుకోవాలి. లేకపోతే యజమాని పేరు ఉండాల్సిన చోట అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి.

చివరిగా పరీక్ష ప్లాటు. ఏ1 కాగితంలో అడ్డంగా 500, నిలువుగా 500 మిల్లీమీటర్ల గీతలు రెండు, వాటి పక్కన మీరు వాడే రంగులన్నిటిలో ఒక్కో గీత వేసి, 1:1లో ప్లాట్ తీసి, స్టీలు స్కేలుతో కొలవండి. రెండు దిక్కులూ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే కాగితం కదిలే దిక్కులో వచ్చే తేడా రెండో దిక్కులో రాకపోవచ్చు. మా కార్యాలయంలో ఆ కాగితాన్ని తేదీ వేసి ప్లాటరు పైన గోడకు అంటిస్తున్నాం. వెర్షనుగాని డ్రైవరుగాని మారిన రోజున కొత్త కాగితం దాని పక్కన చేరుతుంది. రెండిటినీ సరిచూసి డ్రాఫ్ట్స్‌మన్ సంతకం పెట్టేదాకా ఆ ప్లాటరు నుంచి ఏ కాగితమూ సైటుకు వెళ్లదు.