ఓరుగల్లును బయటి నుంచి లోపలికి చూడాలి

సభకు నమస్కారం.

వరంగల్ కోటకు వచ్చేవాళ్లలో చాలామంది బండి దిగేది కీర్తితోరణం ముందే. నాలుగు ఫొటోలు తీసుకుని ఇరవై నిమిషాల్లో వెనుదిరుగుతారు. అలా చూస్తే తోరణం కనిపిస్తుంది గాని రాజధాని కనిపించదు. కాకతీయులు ఈ నగరాన్ని వలయాలుగా కట్టారు. అందుకే బయటి నుంచి మొదలుపెట్టాలి.

ముందు తగిలేది మట్టికోట. అడ్డంగా కొలిస్తే దాదాపు 2.4 కిలోమీటర్లు. గడ్డి, పొదలు పెరిగి గుట్టలా ఉంటుంది కాబట్టి కోటగోడ అని పోల్చుకోకుండానే దాటిపోతారు. దాని లోపల రాతికోట, అడ్డంగా సుమారు 1.2 కిలోమీటర్ల వలయం. గణపతిదేవుని కాలంలో కట్టిన ఈ గోడను రుద్రమదేవి ఇంకా ఎత్తు చేయించింది. తూర్పు ద్వారం దగ్గర దిగి నడవండి. దారి తిన్నగా లోపలికి పోదు, గోడల మధ్య మలుపు తిరుగుతుంది. దూసుకొచ్చే ఏనుగులకూ గుర్రాలకూ ఆ మలుపులో వేగం తగ్గిపోతుంది, పైనున్న సైనికులకు అవి గురిలోకి వస్తాయి. గోడ రాళ్ల మధ్య సున్నం లేదు. ఒకదాని అంచుకు ఒకటి సరిపోయేలా చెక్కి పేర్చారు. లోపలి వైపు మెట్ల వరసలు గమనించండి. ముట్టడి సమయంలో ఎటువైపు నుంచైనా సైన్యం ఒక్కసారిగా గోడెక్కడానికి అవి.

ఇక నడిమి ప్రాంగణం. నాలుగు తోరణాలు నాలుగు దిక్కుల నిలబడి ఉంటాయి. అన్నీ ఒకే తీరున ఉండటంతో దిక్కు తప్పడం మామూలే. ముందు తూర్పు పడమర జంటను పట్టుకుంటే మిగతా రెండూ తేలిగ్గా దొరుకుతాయి. తోరణాల నడుమ ఉన్న ఖాళీ స్థలంలోనే స్వయంభూదేవుని గుడి ఉండేది. 1323లో ఢిల్లీ తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ సేనలు నగరాన్ని గెలిచాక గుడి కూలింది, తోరణాలు మిగిలాయి. వాటి మీద హంసలు, మకరాలు, తామరమొగ్గలు ఉన్నాయి గాని కొలిచే దేవతామూర్తులు లేవు. చుట్టూ పరచి ఉన్న స్తంభాలు, దూలాలు, కప్పు రాళ్లే ఆ గుడి అవశేషాలు. దయచేసి వాటిపై కూర్చోవద్దు, ఎక్కవద్దు. శిల్పాలకు నూనె, పసుపు పూయకండి; దుమ్ము అంటుకుని చెక్కడపు గీతలు పూడిపోతాయి.

పడమర వైపు కొద్ది అడుగులేస్తే ఖుష్ మహల్. కాకతీయుల తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని జనంలో మాట. వాలుగా లేచిన గోడలు మాత్రం తుగ్లక్ కాలపు పనితనాన్ని గుర్తుచేస్తాయి. లోపల కోటలో దొరికిన శిల్పాలు పెట్టారు. ఎండలోంచి వెళితే కళ్లకు చీకటి కమ్ముతుంది, రెండు నిమిషాలు ఆగి చూడండి. రెండు రాజ్యాల కట్టడాలు ఇంత దగ్గరగా నిలిచిన చోటు మన ప్రాంతంలో అరుదు.

మధ్యాహ్నం రాళ్లు కాలుతాయి, నీడ తక్కువ. కోటను పొద్దున్నే ముగించి, సాయంత్రం హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లండి. నిత్యపూజలున్న గుడి కనుక చెప్పులు బయటే విడవాలి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయమిది: శివుడు, విష్ణువు, సూర్యుడు. నల్లరాతి స్తంభాల నునుపు, వాటి మీద తిప్పిచెక్కిన వలయాలు దగ్గరికెళ్లి చూడాల్సినవి. నంది వెనుకనున్న కల్యాణ మండపం పునాది కుంగడంతో దాన్ని రాయి రాయిగా విప్పి మళ్లీ నిలబెట్టారు. 2024లో తెరిచారు. పాత రాయికీ కొత్త రాయికీ రంగులో తేడా తెలుస్తుంది. ఎక్కడ ఏది కొత్తదో వెతకడం పిల్లలకు మంచి పని.

పాలంపేట రామప్ప గుడిని మాత్రం ఇదే రోజు కలపకండి. అది దాదాపు 70 కిలోమీటర్ల దూరం. 1213 నాటి ఆ గుడి బయట, కప్పు అంచుల కింద నిలిచిన మదనికలను, అంటే నాట్యభంగిమల స్త్రీ శిల్పాలను, చూడటానికే ఒక పూట పడుతుంది.