గేటు లోపలే కదా!

శ్రోతలకు నమస్కారం.

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో. అందులో సగానికి సగం తెలుగువాళ్లమే. కడప, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. ఒక ఆదివారం సాయంత్రం పాల ప్యాకెట్ కోసం కిందికి దిగాను. సెల్లార్‌లో పద్నాలుగేళ్ల అబ్బాయి వాళ్ల నాన్న స్కూటర్ నడుపుతున్నాడు. ర్యాంప్ మలుపు దగ్గర నాలుగేళ్ల పాప మూడు చక్రాల సైకిల్ తొక్కుకుంటూ అడ్డం వచ్చింది. కంగారులో వాడు బ్రేక్ పట్టుకోబోయి యాక్సిలరేటర్ తిప్పేశాడు. స్కూటర్ పాపకు జానెడు దూరంలో పక్కకు తిరిగి స్తంభాన్ని గుద్దుకుంది. స్తంభం మీది పసుపు, నలుపు చారల రంగు పెచ్చులూడి పడింది. పాప వేలు సైకిల్ గంట మీద అలాగే బిగుసుకుపోయింది. ఏడవడం కూడా మరిచిపోయింది ఆ బిడ్డ.

వాళ్ల నాన్న పరుగెత్తుకొచ్చాడు. వణుకుతూనే, "గేటు లోపలే కదా సార్, రోడ్డు మీదికి పంపలేదు కదా" అన్నాడు. మంచి మనిషే. మనలో చాలామంది అనుకునేదే ఆయనా అన్నాడు. లాయర్‌గా నేను ఈ మాట ఎన్నోసార్లు విన్నాను, అందుకే ఈ రోజు దీని గురించి మాట్లాడుతున్నాను.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, లైసెన్సు లేకుండా 'బహిరంగ స్థలంలో' బండి నడపకూడదంటుంది. బీమా ఉండాలన్న నియమం కూడా బహిరంగ స్థలానికే. ఆ ఒక్క మాట పట్టుకునే గేటు లోపల ఏం చేసినా చెల్లుతుందనుకుంటాం. కానీ చట్టం దృష్టిలో బహిరంగ స్థలమంటే రోడ్డు ఒక్కటే కాదు, జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా. దీనికి ముందున్న 1939 చట్టంలోని ఇదే మాటను 1988లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్, అంటే పలువురు జడ్జీల ధర్మాసనం, విశాలంగా చెప్పింది. జనం స్వేచ్ఛగా వచ్చిపోయే చోటైనా, అనుమతితో వచ్చిపోయే చోటైనా బహిరంగ స్థలమే అంది. టికెట్ తీసుకుని బండి పెట్టే మాల్ పార్కింగ్ సంగతి ఆలోచించండి. పాలవాళ్లు, కొరియర్ వాళ్లు, చుట్టాలు రోజంతా తిరిగే మన సెల్లార్ సంగతీ ఆలోచించండి.

దీనికి రెండో వైపూ ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం ఆవరణలో మాత్రమే తిరిగిన వాహనాల గురించి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చుట్టూ గోడ, అనుమతి ఉన్నవాళ్లకే ప్రవేశం కాబట్టి అది బహిరంగ స్థలం కాదు, మోటారు వాహన పన్ను కట్టనక్కర్లేదు అంది. అయితే అది పన్ను గురించిన మాట, ప్రాణం గురించి కాదు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. అది రోడ్డు మీద జరిగిందా, సెల్లార్‌లో జరిగిందా అని ఆ సెక్షన్ అడగదు. అదే పద్నాలుగేళ్ల పిల్లవాడు గేటు దాటి రోడ్డెక్కితే తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇక తాగి నడపడం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉంటే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మోటారు వాహనాల చట్టంలో దీని గురించిన సెక్షన్‌లో 'బహిరంగ స్థలం' అనే మాటే లేదు. 'నడుపుతూ, లేదా నడపబోతూ' అని ఉంది. ఆగిన కారు వెనక సీట్లో నిద్రపోవడం నడపడం కాదు. కానీ స్టీరింగ్ ముందు కూర్చుని, ఇంజన్ స్టార్ట్ చేసి గేర్ మీద చెయ్యి వేస్తే, నడపబోలేదని నమ్మించడం చాలా కష్టం. అందుకే నేను అందరికీ చెప్పేది, తాగితే డ్రైవర్ సీటు జోలికే వెళ్లకండి.

ఆగి ఉన్న బండికి బాధ్యత ఉండదనుకోవడమూ పొరపాటే. 1987 అక్టోబరు 29 తెల్లవారుజామున పుణె నుంచి మన బెంగళూరుకు వచ్చే హైవే మీద, సతారా జిల్లాలో, ఒక పెట్రోలు ట్యాంకర్‌ను లారీ ఢీకొంది. ట్యాంకర్ రోడ్డు పక్కకు ఒరిగిపోయింది. పెట్రోలు కారుతూనే ఉంది. దాదాపు నాలుగు గంటల తర్వాత అది పేలి, అక్కడికి చేరిన జనంలో కొందరు చనిపోయారు. కదలకుండా పడి ఉన్న బండిని వాడుతున్నట్టు ఎలా అవుతుందని పరిహారం కేసులో ట్యాంకర్ యజమాని, బీమా కంపెనీ వాదించారు. కదలని స్థితి కూడా వాహన వాడకం కిందికే వస్తుందని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ర్యాంప్ మీద హ్యాండ్‌బ్రేక్ వేయకుండా కారు వదిలి లిఫ్ట్ ఎక్కే మన అలవాటు, ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం ఇవన్నీ ఆ తండ్రికి మెట్ల మీద కూర్చుని చెప్పాను. మర్నాడు వాచ్‌మన్ రంగు డబ్బా తెచ్చి స్తంభానికి పూయబోతుంటే ఆయనే ఆపాడు. "మావాడికి పద్దెనిమిది నిండేదాకా అట్లే ఉండనీ అన్నా" అన్నాడు.

నమస్కారం.