లైట్లు బంతుల్లా ఎందుకు మారతాయి? పది రూపాయల బిళ్ల చెప్తుంది

నమస్తే! విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్‌లో ఉన్నాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దగ్గరపడింది, ఎటు చూసినా సీరియల్ లైట్లే. ఇలాంటి చోట అందరూ అడిగే ఫొటో ఒకటే: ముఖం స్పష్టంగా ఉండాలి, వెనక లైట్లు మెత్తటి రంగు బంతుల్లా ఉండాలి. అదే, బొకే.

దీని గురించి ఒక మాట వినీ వినీ విసుగొచ్చింది: "ఎఫ్ నంబర్ ఎంత తగ్గితే బంతులు అంత పెద్దవి." (ఎఫ్ నంబర్ అంటే, లెన్స్ మీద ఎంఎంలలో రాసుండే ఫోకల్ లెంగ్త్‌ని వెలుగు లోపలికొచ్చే కన్నం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె.) ఆ మాట నమ్మి, కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌ని 18కి తిప్పేస్తారు, ఎఫ్ నంబర్ 3.5కి తగ్గేది అక్కడే కాబట్టి. బంతులు రావు. "ఖరీదైన లెన్స్ ఉంటే గానీ కాదు" అనుకుని కెమెరా సంచిలో పెట్టేస్తారు. నాకు బాధేస్తుంది.

(తెర మీద: చెంప పక్కన పది రూపాయల బిళ్ల)

మా చెల్లి చేతిలో బిళ్ల చూశారా? నా లెన్స్ 50 ఎంఎం, ఎఫ్ నంబర్ 1.8. యాభైని 1.8తో భాగించండి, దాదాపు 28. అంటే లెన్స్ కన్నం 28 మిల్లీమీటర్లు. బిళ్ల 27. ఫోకస్ చెల్లి మీద పెట్టి తీశాను. దూరంగా ఉన్న లైట్లు చూడండి, ఒక్కొక్కటీ ఆ బిళ్లంతే! దగ్గరికి జరిగి తీస్తే ఫొటోలో బిళ్లా పెరుగుతుంది, బంతీ పెరుగుతుంది. మీకు కనిపించేది బల్బు ఆకారం కాదండీ, కన్నం ఆకారం. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు మీ 18-55. పద్దెనిమిదిని 3.5తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు. అదే 55 దగ్గర 5.6 ఉన్నా సుమారు 10, చొక్కా గుండీ అంత. నంబర్ పెరిగింది, కన్నం రెట్టింపయింది! 55-250 లెన్స్ ఉంటే 250 దగ్గర 5.6తో దాదాపు 45. బిళ్లనే మించిపోయింది. ఫోన్ కన్నం పెసరగింజంత, అందుకే పోర్ట్రెయిట్ మోడ్ లెక్కలు కట్టి మసక పూస్తుంది. జుట్టు అంచుల్లో తేడా తెలిసిపోతుంది, నాకది నచ్చదు.

ఇంకో పొరపాటు, మనిషిని లైట్ల తోరణానికి ఆనించి నిలబెట్టడం. మీ నుంచి మనిషి ఒక మీటరు, లైట్లు రెండు మీటర్లయితే బంతి సగం బిళ్లంతే వస్తుంది. లైట్లు పది మీటర్లలో ఉంటే బిళ్లలో 90 శాతం. మనిషిని ముందుకు పిలవండి, అంతే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బంతులు తెల్లగా పాలిపోతే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించండి, రంగులు తిరిగొస్తాయి. కొన్ని లైట్లు మాయమైతే షట్టర్ 1/50 సెకనుకి దించండి, కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలిగే లైట్లవి. అంచుల్లో బంతులు బాదంగింజల్లా నొక్కుకుపోతే కంగారొద్దు, లెన్స్ గొట్టం అడ్డొస్తోంది.

చివరగా, నల్ల కాగితానికి 15 మిల్లీమీటర్ల హృదయం ఆకారంలో కన్నం చేసి లెన్స్ ముందు పెట్టాను. చెల్లీ, బిళ్ల పైకెత్తు... చూడండి, వీధి పొడవునా హృదయాలే, ఒక్కోటీ సగం బిళ్లంత!