53 రోజుల్లో సగమైపోయేది

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన నిర్వాహక మిత్రులకు, ఉప్పల్ దారి ట్రాఫిక్‌లో పడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, వచ్చి కూర్చోండి. ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

నాకిచ్చిన అంశం ధ్రువ సముద్రాల మంచులో సహజ రేడియోధార్మిక జాడలను కొలవడం. మన ఊరి నుంచే మొదలుపెడతాను. ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి పరికరాలు కట్టిన పెద్ద పెద్ద బెలూన్లు 30 కిలోమీటర్లు దాటి పైకి వెళతాయి. ఆ ఎత్తుల్లో అంతరిక్షం నుంచి విశ్వకిరణాలు వచ్చి నత్రజని, ఆక్సిజన్ పరమాణువులను బద్దలు కొడుతుంటాయి. ఆ ముక్కల్లో ఒకటి బెరీలియం-7. గాల్లోని ధూళి రేణువులకు అంటుకుని వానతో, మంచుతో కిందికి దిగుతుంది. దీని అర్ధ జీవితకాలం, అంటే ఉన్నదాంట్లో సగం క్షీణించిపోవడానికి పట్టే కాలం, 53 రోజులు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంకొకటి సీసం-210. నేలలోంచి పైకి వచ్చే రేడాన్ వాయువు నుంచి పుడుతుంది. అర్ధ జీవితకాలం సుమారు 22 ఏళ్లు. మనవాళ్ళకు ఇది కొత్త కాదు. మన శాస్త్రవేత్తలు దేవేంద్ర లాల్, కృష్ణస్వామి మరో ఇద్దరితో కలిసి 1971లోనే సీసం-210తో సరస్సుల అడుగు మట్టి వయసు కట్టే పద్ధతి రాశారు.

ఇప్పుడు ఆర్కిటిక్‌కి వెళదాం. సముద్రపు నీరే గడ్డకట్టి ఏర్పడ్డ మంచు అది. సైబీరియా తీరపు లోతు తక్కువ సముద్రాల్లో పుట్టి, ధ్రువం మీదుగా కదిలి, రెండు మూడేళ్లకు గ్రీన్‌లాండ్ పక్కనున్న ఫ్రామ్ జలసంధి దగ్గర బయటపడుతుంది. 1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఓడ 'ఫ్రామ్'ని కావాలనే ఆ మంచులో ఇరికించి, ఈ ప్రవాహం నిజమని 1896కల్లా చూపించాడు. దారి పొడవునా ఆకాశం నుంచి పడేదంతా ఈ మంచే పట్టుకుంటుంది. కింద నీళ్లు మాత్రమే కొలిచి, పైనుంచి పడింది ఇంతేనని లెక్క వేస్తే ఆ లెక్క తక్కువ వస్తుంది. మిగతాది మంచు మీదే ఉంటుంది. ఎంత ఉంది, కరిగి ఎప్పుడు నీళ్లలో కలిసింది అన్నది బెరీలియం చెబుతుంది. ఏళ్ల తరబడి పోగైన సంగతి సీసం చెబుతుంది.

కొలవడం ఎలాగో చూడండి. తొమ్మిది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టపు డ్రిల్‌తో మంచు స్తంభాన్ని బయటికి తీస్తారు. అడుగు కొస ఆల్చిప్పలా తెల్లగా ఉండదు. నాచు పట్టి గోధుమరంగులో ఉంటుంది, ఉప్పునీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటాయి. వెంటనే రంపంతో కోసి సంచుల్లో వేయాలి. బెరీలియానికి ఒక్క స్తంభం చాలదు, పక్కపక్కనే మరికొన్ని తీయాలి. కరిగిన నీళ్లలో యాసిడ్, తర్వాత ఇనుము లవణం కలిపి అమ్మోనియా పోస్తే ఎర్రమట్టి రంగు మడ్డి ఏర్పడుతుంది. బెరీలియం, సీసం, థోరియం అన్నీ ఆ మడ్డికే అంటుకుని అడుక్కి దిగుతాయి. దాన్ని వడకట్టి, ద్రవ నత్రజనితో చల్లబరిచిన జర్మేనియం డిటెక్టర్ ముందు పెట్టి ఒక రోజో రెండు రోజులో లెక్కించాలి. బెరీలియం-7 పరమాణువులు 100 క్షీణిస్తే గామా కిరణం ఇచ్చేవి పదే. డిటెక్టర్ చుట్టూ కట్టే సీసపు కవచంలోనూ సీసం-210 ఉంటుంది. అందుకే వందల ఏళ్ల నాటి పాత సీసం కోసం వెతుకుతారు. సంకేతం అంత సన్నం.

అయ్యా, అసలు నేను చెప్పాలని వచ్చింది ఇది. మా విద్యార్థిని ఒకమ్మాయి, మన పాలమూరు పిల్ల, వసంతకాలంలో ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌కి వెళ్లింది. మన దేశానికి అక్కడ 2008 నుంచి హిమాద్రి స్థావరం ఉంది. చేతులు కొంకర్లు పోతున్నా ఫియర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మంచు కోసి, మడ్డి చేసి, సీసాల్లో నింపి జాగ్రత్తగా పంపింది. పెట్టె ఇక్కడికి చేరింది. చేరి ఒక గోదాములో కూర్చుంది. ఏ శాఖ అనుమతి కావాలో ఎవరూ తేల్చలేదు. ఒక కాగితం ఇస్తే మరో కాగితం అడిగారు. సంతకం చేయాల్సినాయన సెలవులో ఉన్నారు, వచ్చాక బదిలీ అయ్యారు. మూడు నెలలు దాటింది. రెండు అర్ధ జీవితకాలాలు అంటే మిగిలింది పావు వంతు!

మీలో భౌతికశాస్త్రం చదివినవాళ్లు అడుగుతారు, వెనక్కి లెక్క కట్టుకోవచ్చు కదా అని. కట్టవచ్చు. కానీ మొదటే సన్నగా ఉన్న సంకేతం పావుకి పడిపోతే అది చుట్టూ ఉన్న రొదలో కలిసిపోతుంది. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే పొరపాటు కూడా నాలుగింతలవుతుంది. ఆ పిల్ల స్క్రీన్ మీద బెరీలియం గామా కిరణం కనిపించాల్సిన 478 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర గుట్ట లేస్తుందని రాత్రంతా చూసింది. గుట్ట లేవలేదు. సీసం ఫలితాలు వచ్చాయి, దానికి 22 ఏళ్ల ఓపిక ఉంది కాబట్టి. బెరీలియం పట్టిక మాత్రం థీసిస్‌లో సగం ఖాళీగానే ఉండిపోయింది. పాల ప్యాకెట్‌ని ఏ గుమాస్తా అయినా మూడు నెలలు బల్ల మీద ఉంచుతాడా? దాని మీద తేదీ ఉంటుంది కనుక ఉంచడు.

ఈ హాల్లో రకరకాల కార్యాలయాల పెద్దలున్నారు, మీ చేతుల్లో ముద్రలున్నాయి. ఆ పెట్టెలో ఉన్నది వాన నీళ్లలో, మనం పీల్చే గాలిలో ఉండేదే, అంతకన్నా భయపడాల్సిందేమీ లేదు. మేం అడిగేది రెండే గడులు. నమూనా ఫారంలో 'తీసిన తేదీ' ఒకటి, 'అర్ధ జీవితకాలం' ఇంకొకటి. తక్కువ ఆయుష్షు ఉన్నది ముందు కదలాలి. అలాగే ఈ నగరంలో ఇన్ని ప్రయోగశాలలున్నాయి. పెట్టె వచ్చిన రాత్రే ఒక్క డిటెక్టర్ అయినా ఏ కాలేజీ పిల్లకైనా తెరిచి ఉంచండి.

ఈ రెండు కోరికలూ రాసిన దరఖాస్తు తలుపు పక్కన బల్ల మీద పెట్టాం. టీ తాగడానికి వెళ్లేముందు చదివి, ఒప్పుకుంటే సంతకం చేయండి. ఆ అమ్మాయి కూడా అక్కడే కూర్చుని ఉంది, మడ్డి సీసా ఒకటి చూపిస్తుంది, ఏమడిగినా చెబుతుంది. సెలవు, నమస్కారం.