ఆరడుగుల బాట

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఒక ఉదయం మా వీధి మలుపులో డెబ్బై ఏళ్లు దాటిన మామ్మగారు ఒకరు కూరల సంచితో నిలబడి ఉన్నారు. కొత్తగా వేసిన కాలిబాట ఎక్కాలని కాలు ఎత్తారు, దించేశారు. నన్ను చూసి, ‘‘ఇది అరుగా నాయనా, బాటా?’’ అని అడిగారు. సంచి అందుకుని ఆవిడను రోడ్డు అంచునే ఇంటికి చేర్చాను. సాయంత్రం టేపు తెచ్చి కొలిస్తే ఆ బాట ఎత్తు పద్నాలుగు అంగుళాలు!

ఎంత ఉండాలో తెలియక ఇలా కట్టలేదు. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే పాదచారుల సౌకర్యాలకు ప్రమాణాలు ప్రకటించింది. కాలిబాట అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు మించకూడదు. నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు, సుమారు ఆరడుగులు, అడ్డు లేకుండా ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడినా దాటిపోగల వెడల్పు అది.

మన గోదావరి డెల్టాలో ఈ లెక్క తప్పడానికి నేల కూడా ఒక కారణం. ఇక్కడి నేల చదును, నీరు తొందరగా వాలదు. పాత తారును తవ్వకుండా దాని మీదే మళ్లీ పొర వేస్తారు. రోడ్డు పెరిగిందని మురుగు కాలువ గోడలు లేపుతారు. దాని మీద పలకలు పరిచి అదే కాలిబాట అంటారు. ఇక ప్రతి గేటు ముందూ బండి ఎక్కడానికి ఒక వాలు. పది గజాల్లో నాలుగుసార్లు ఎక్కి దిగాలంటే ఎవరు నడుస్తారు? అందరూ రోడ్డు మీదకే దిగుతారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు చనిపోయారు. బాగున్న కాలిబాట పౌరుల జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది.

వీధి సంగతి ఇలా ఉండగా ఊరు పక్కకు పాకుతోంది. భీమవరం వెళ్లినా, అమలాపురం వెళ్లినా, ఊరి చివర వరిచేలో మట్టి తోలి మెరక చేసిన ప్లాట్లు కనిపిస్తాయి. మెరకతో పాటు పంట బోదె, అంటే చేల మధ్య నీరు పారే చిన్న కాలువ, కూడా పూడిపోతే వానాకాలం ఆ నీరు పక్క చేలోకో పాత పేటలోకో చేరుతుంది. లేఅవుటులో నలభై అడుగుల రోడ్డు ఉంటుంది. కానీ అక్కడి నుంచి బడికి, మందుల షాపుకు నడిచే దారి ఉండదు. ఉప్పు పొట్లానికి కూడా మోటారు సైకిలు తీయాలి. బండి నడపలేని పెద్దవాళ్లు, పిల్లలు ఇంకొకరి వీలు కోసం ఎదురుచూడాలి.

ఇళ్లు కావాలి, అందులో మాట లేదు. కానీ అవి ముందుగా బజారుకు, బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో లేవాలని నా గట్టి అభిప్రాయం. మన పాత బజారు వీధుల్లో కింద కొట్టు, పైన కాపురం మామూలే. నీటి సరఫరా, మురుగు దారి చూసుకుని అలాంటి చోట మరో రెండు అంతస్తులు వేస్తే అంత మేర వరిచేను మిగులుతుంది. కూరల బండ్లవాళ్లను, పూలమ్మేవాళ్లను తరిమి బాట ఖాళీ చేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకూ చోటు చూపమంటోంది. నడిచే ఆరడుగులు వదిలి, ఆ పక్కన వాళ్లకు గీత గీయవచ్చు.

మనకు ఇంకో ఆస్తి ఉంది, కాలువ గట్టు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్లో పడవలు నడిచాయి. గాలి లేనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఊరినీ ఊరినీ కలిపే ఆ బాట చాలాచోట్ల ఇప్పుడు చెత్తకుప్పల కింద ఉంది. దాన్ని శుభ్రం చేసి నడకకు ఇవ్వాలి. చెట్లు కొట్టి పలకలు పరిస్తే మాత్రం రోహిణి కార్తెలో అటు ఎవరూ వెళ్లరు.

మీ ఊళ్లో కొత్త లేఅవుటు వేస్తుంటే ఒక్కసారి నక్షా అడిగి చూడండి. అందులో బోదె గీత ఉందా, కాలిబాట గీత ఉందా అని వెతకండి. లేకపోతే ప్లాట్లు అమ్ముడుపోక ముందే మున్సిపాలిటీకో పంచాయతీకో అర్జీ రాయండి. ప్రహరీలు లేచాక ఆ ఆరడుగులు అడగడానికి చోటే ఉండదు.

నమస్కారం.