పిల్లికూన కొరుకుతోందా? ముందు మీ చేతిని ఆటలోంచి బయటికి తీయండి

"ముక్కు మీద ఒక్కటివ్వండి, అదే దారికొస్తుంది." పిల్లికూన కొరుకుతోందని ఎవరి దగ్గర చెప్పినా ముందు వచ్చే సలహా ఇదే. ఇంకొందరు మొహం మీద నీళ్ళు చల్లమంటారు, మెడ పట్టుకుని ఊపమంటారు, బాత్రూంలో పెట్టి లైటు తీసేసి తలుపు వెయ్యమంటారు. ఈ సలహాలు వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే వీటివల్ల కొరకడం తగ్గదు సరికదా, ఏడెనిమిది నెలలు వచ్చేసరికి మనిషి చెయ్యి దగ్గరికొస్తే చాలు ఆ పిల్లి మూలకి నక్కి బుస కొడుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "ఇది మన మీద పగబట్టింది" అని సంచిలో వేసుకెళ్ళి ఏ చేపల మార్కెట్ దగ్గరో వదిలేసి వస్తారు. ఇంట్లో గిన్నెలో పెడితే తిన్న పిల్లి, కుక్కల మధ్య, బళ్ళ మధ్య అక్కడ ఎలా బతుకుతుంది? అందుకే ఈ వీడియో.

పగ లేదు, కోపం లేదు. ఆ కూన మీతో ఆడుతోంది. కావాలంటే ఈ క్లిప్ చూడండి.

[స్క్రీన్ మీద: జున్ను, నెమ్మదిగా నడిచే క్లిప్]

ఇది మా జున్ను, ఇందులో దానికి మూడో నెల. దుప్పటి కింద కదులుతున్నది చీపురు పుల్ల. మొహం చూడండి, చెవులు రెండూ ముందుకి తిరిగాయి. కనుపాప పెద్దదై పెద్దదై చుట్టూ ఉన్న పసుపు రంగు సన్నటి గీతలా మిగిలింది. ఛాతీ నేలకి ఆనించింది, వెనక కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి అక్కడే తొక్కుతోంది, తోక మొత్తం కదలట్లేదు, చివర మాత్రమే ఆడుతోంది. ఇప్పుడు దూకింది. ముందు కాళ్ళతో వాటేసుకుంది, పళ్ళు దించింది, వెనక కాళ్ళు రెండూ కలిపి తన్నుతోంది. మీ చేతి మీద పొడవాటి గీతలు ఎక్కువగా పడేది ఆ వెనక కాళ్ళ వల్లే, చాలామంది గమనించరు.

ఇదంతా వేట. ఎలుక దొరికితే ఏం చేస్తుందో అదే చేస్తోంది. కోపం వచ్చిన పిల్లి ఇలా ఉండదు, చెవులు వెనక్కి వాలి తలకి అతుక్కుంటాయి, వెన్ను మీద వెంట్రుకలు లేస్తాయి, గుర్రుమంటుంది, బుస కొడుతుంది. ఆ తేడా కనిపెట్టడం వస్తే మిగతాది తేలిక.

సరే, ఆటే అయితే మరి అంత గట్టిగా ఎందుకు కొరుకుతుంది? కబడ్డీ చూసే ఉంటారు కదా, మా ఊరి పెద్దవాళ్ళు చెడుగుడు అనేవారు. కూతకొచ్చినవాడు అవతలి బరిలోకి వచ్చి తాకుతాడు, తాకి గీత వైపు పరిగెత్తబోతాడు, వీళ్ళు పట్టుకుంటారు. వాడు ఎంత గుంజుకుంటే వీళ్ళు అంత బిగిస్తారు. వాడి మీద కోపంతో కాదు, ఆట అంటేనే అది. మీ కూన దృష్టిలో మీ చెయ్యి కూతకొచ్చిన ఆటగాడు. మొహం ముందు వేళ్ళు ఆడించారు, అంటే బరిలోకి వచ్చారు. పొట్ట మీద గిలిగింతలు పెట్టారు, అంటే తాకారు. అది పట్టుకుంది, మీరు చటుక్కున వెనక్కి లాగారు. పారిపోతున్న ఆటగాణ్ణి ఎవరైనా వదులుతారా?

దానికి తోడు మన అరుపు. "ఏయ్ వదులు వదులు వదులు!" అంటూ సన్నటి గొంతుతో అరుస్తాం. కూత ఆపనంతసేపూ ఆట నడుస్తూనే ఉంటుంది కదా, కూనకీ అంతే, ఆ అరుపుకీ ఆ గుంజులాటకీ ఇంకా హుషారెక్కుతుంది.

కాబట్టి కొరికినప్పుడు మొదటి పని, కూత ఆపెయ్యండి. చెయ్యి లాగకండి, అరవకండి, ఎక్కడున్న చెయ్యి అక్కడ ఊపిరి లేనట్టు వదిలెయ్యండి. కష్టమే, నొప్పి పుట్టినప్పుడు చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది, కానీ రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అప్పటికీ వదలకపోతే చేతిని కొంచెం దాని నోటి వైపుకే, మెల్లగా, జరపండి. వేట ఎప్పుడూ నోట్లోకి రాదు, పారిపోతుంది. ఎదురొచ్చేసరికి అది తికమకపడి పట్టు సడలిస్తుంది. నెట్టమని కాదు, గొంతులో పొడవమని అస్సలు కాదు, ఒక అర అంగుళం చాలు.

వదిలిందా? ఇక మీరు ఔట్. లేచి వెళ్ళిపోండి. దాన్ని తిట్టొద్దు, ఎత్తుకెళ్ళి వేరే గదిలో పడెయ్యొద్దు, ఎత్తుకోవడం కూడా దానికి ఆటే అవుతుంది. మీరే పక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, అర నిమిషమో నిమిషమో ఉండి రండి. ఔటైనవాడు బరి బయట కాసేపు కూర్చుని మళ్ళీ వస్తాడే, అంతే. పది నిమిషాలు, అరగంట అక్కర్లేదు, ఎందుకు వెళ్ళారో దానికి గుర్తుండదు. పన్ను చర్మానికి తగిలితే ఆట ఆగిపోతుంది, ఈ ఒక్క ముక్క దానికి ఎక్కితే చాలు.

నిజానికి ఈ పాఠం మనం చెప్పాల్సింది కాదు. తల్లి, తోడబుట్టినవాళ్ళు చెప్పాలి. నాలుగో వారం నుంచి కూనలు ఒకదాని మీద ఒకటి పడి కుస్తీ మొదలుపెడతాయి, ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని అరిచి ఆట మానేసి పోతుంది, లేదా తిరిగి అంతే గట్టిగా కొరుకుతుంది. తల్లి కూడా ఒక హద్దు దాటితే ఊరుకోదు. అలా రోజుకి ఎన్నోసార్లు జరిగితే ఎంతవరకు కొరకొచ్చో వాటికే తెలుస్తుంది. కానీ మన దగ్గర ఏం జరుగుతోంది? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బైకు కింద అరుస్తున్న కూన కనిపించగానే, అయ్యో పాపం అని నాలుగైదు వారాలప్పుడే పైకి తెచ్చేసుకుంటున్నాం. ఆ తల్లి చాలాసార్లు తిండి వెతుక్కోవడానికి వెళ్ళి ఉంటుందండీ, వదిలేసి పోయి ఉండదు. కూన శుభ్రంగా, బొద్దుగా ఉంటే కొన్ని గంటలు దూరం నుంచి చూడండి, తల్లి వస్తుంది. కనీసం ఎనిమిది వారాలు, వీలైతే పన్నెండు వారాలు అవి కలిసి ఉండాలి. కొరికే కూనల గురించి నాకు వచ్చే మెసేజ్‌లలో చాలావరకు ఒంటరిగా, చాలా చిన్నప్పుడే ఇంటికి వచ్చిన కూనలే.

ఇప్పటికే తెచ్చేశారు, అది ఒక్కటే ఉంది. అలాంటప్పుడు ఆ తోబుట్టువుల పని మీది. మీది అంటే ఇంట్లో అందరిదీ. మీరు చెయ్యి ఆపేస్తారు, తాతయ్య సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుని లుంగీ అంచు కింద బొటనవేలు ఆడిస్తూ దాన్ని పిలుస్తారు, అంతే, మీరు పడ్డ కష్టం పోయింది. పదిసార్లలో ఒక్కసారి చెయ్యి దొరికినా ఆ ఒక్కసారి కోసం అది మిగతా తొమ్మిదిసార్లూ ప్రయత్నిస్తూనే ఉంటుంది. తాతయ్యకి మర్యాదగానే చెప్పండి, ఇప్పుడు ముద్దుగా ఉన్న ఈ పళ్ళే ఆరు నెలలకి ఆయన కాలి మీద దిగుతాయి, పెద్దవాళ్ళ చర్మం పలచన, షుగర్ ఉంటే గాయం త్వరగా మానదు.

కాళ్ళ సంగతీ ఇదే. పట్టీలు ఘల్లుమంటూ నడుస్తుంటే సోఫా కింద నుంచి వచ్చి చీలమండ పట్టుకుంటుంది. కబడ్డీలో యాంకిల్ హోల్డ్ అంటారే, అచ్చం అదే. పరిగెత్తకండి, ఆగిపోండి. రోజూ ఒకే చోట కాపు కాస్తుంటుంది కాబట్టి, అటు వెళ్ళే ముందే ఒక బొమ్మ దూరంగా విసిరితే అది దాని వెనకపడుతుంది.

సగం పని అయింది, మిగతా సగమే అసలైంది. చేతిని బయటికి తీసేస్తే బరిలోకి ఇంకెవరో ఒకరు కూతకి రావాలి కదా! వేట ఆడకుండా కూన ఉండలేదు. కొరకొద్దు అని మాత్రమే చెప్పి ఊరుకుంటే అది కర్టెన్లు ఎక్కుతుంది, లేదా మళ్ళీ మీ మీదికే వస్తుంది.

ఖర్చేమీ లేదు. కొబ్బరి చీపురు పుల్లలు రెండు మూడు కలిపి కట్టండి, చివర పాత చున్నీ ముక్క ముడి వెయ్యండి. మీ చేతికీ దాని నోటికీ మధ్య రెండు మూడు అడుగుల దూరం, అదే కావాల్సింది. ఆడించే తీరు ముఖ్యం. చాలామంది బొమ్మని తెచ్చి దాని ముక్కుకి ఆనిస్తారు, అది మొహం తిప్పుకుంటే "దీనికి బొమ్మలు ఇష్టం లేదు" అంటారు. మొహానికి మరీ దగ్గరగా, జానెడు దూరంలో ఉన్నది పిల్లికి స్పష్టంగా కనిపించదు, పైగా ఏ ఎలుకా పిల్లి ముక్కు దగ్గరికి నడిచి రాదు. గుడ్డని దానికి దూరంగా లాగండి, కాసేపు ఆపండి, తలుపు చాటుకి పోనివ్వండి, చివర మాత్రం కొద్దిగా కనిపించేలా కదపండి. చాటుకి పోతున్నదాన్ని చూస్తే అది ఆగలేదు. మధ్యమధ్యలో దొరకనివ్వండి, ఎప్పటికీ దొరక్కపోతే చిరాకుపడి మీ కాలు చూసుకుంటుంది. లేజర్ లైటుతో వచ్చే ఇబ్బందీ అదే, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. లేజర్ వాడితే చివర్లో ఒక నిజమైన బొమ్మ దాని పంజాకి అందించండి.

వాటేసుకుని తన్నడానికి వేరే బొమ్మ కావాలి. పాత సాక్సులో గుడ్డపేలికలు కూరి మూతి కుట్టెయ్యండి, దాని ఒళ్ళంత పొడవుండాలి. చేతి మీదికి దూకబోయేటప్పుడు, దూకాక కాదు, దీన్ని మధ్యలో పెట్టండి. ఆ క్లిప్‌లో చూశారే, వెనక కాళ్ళు తొక్కడం, ఆ క్షణంలోనన్నమాట.

ఎప్పుడు ఆడాలంటే, పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం. పిల్లులకి హుషారు వచ్చేది ఆ వేళల్లోనే. పది పదిహేను నిమిషాలు ఆడి వెంటనే తిండి పెట్టండి. వేటాడింది, తిన్నది, ఒళ్ళు నాక్కుంటుంది, పడుకుంటుంది. రాత్రి మీరు పడుకునే ముందు కూడా ఒకసారి ఇలా చేస్తే తెల్లవారుజామున దుప్పటిలోంచి బయటికొచ్చిన కాలివేళ్ళ మీద దాడి బాగా తగ్గుతుంది. ఆకలికీ ఆటకీ సంబంధం ఉందని బ్రిటన్‌లో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా 1998లోనే చూపించారు, ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మలతో ఇంకా గట్టిగా ఆడాయి. 2002లో వాళ్ళ బృందమే చేసిన ఇంకో పరిశోధన నాకు చాలా ఇష్టం. ఒకే బొమ్మ పదేపదే ఇస్తే పిల్లికి విసుగొచ్చింది, కొత్త బొమ్మ ఇవ్వగానే మళ్ళీ లేచి ఆడింది. అంటే విసుగు ఆట మీద కాదు, ఆ బొమ్మ మీద. కాబట్టి అన్నీ ఒకేసారి నేల మీద పరిచెయ్యకుండా రెండు బయట ఉంచి మిగతావి దాచి, మారుస్తూ ఉండండి.

ఆట అయ్యాక దారం, రిబ్బను, రబ్బరు బ్యాండు ఏవీ బయట వదలొద్దు. మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది, ఆపరేషన్ దాకా పోతుంది. నోట్లోంచో వెనకనుంచో దారం కొస కనిపిస్తే లాగకండి, నేరుగా వెట్ దగ్గరికి, అంటే పశువుల డాక్టర్ దగ్గరికి.

టైం చాలా తక్కువుంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

మూడున్నర నుంచి ఆరు నెలల మధ్య 26 పాలపళ్ళు ఊడి 30 పళ్ళు వస్తాయి, చిగుళ్ళ సలుపుకి అప్పుడు కొరకడం పెరుగుతుంది. గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇవ్వండి. ఛార్జర్ వైర్లు దాచండి.

ఒళ్ళో పడుకుని నిమిరించుకుంటూ ఉన్నట్టుండి కొరికితే అది వేట కాదు, "ఇక చాలు" అని. ముందే చెప్తుంది, తోక కొడుతుంది, వీపు చర్మం జలదరిస్తుంది, చెవులు పక్కకి తిరుగుతాయి. అప్పుడే చెయ్యి తీసెయ్యండి. పొట్ట చూపిస్తూ పడుకుంటే నిమరమని కాదు.

ఎప్పుడూ కొరకని పిల్లి హఠాత్తుగా మొదలుపెడితే, ముట్టుకోనివ్వకపోతే, ఎక్కడో నొప్పి ఉన్నట్టు. శిక్షణ కాదు, డాక్టర్ కావాలి.

ఇంట్లో వీలుంటే అదే ఈడు కూన ఇంకొకటి తెచ్చుకోవడం చాలా మంచి మందు. కుస్తీ అవే పడతాయి, హద్దులు అవే నేర్చుకుంటాయి.

చివరిది, దీనికి మాత్రం తొందరపడను. రక్తం వచ్చిందంటే, కూనైనా సరే, సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి ఏవీ అద్దొద్దు. పిల్లి కాటు పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, పన్ను మాత్రం లోతుగా దిగి సూక్ష్మక్రిములని లోపల వదులుతుంది, పైన చర్మం మూసుకుపోతుంది. మర్నాటికి వాచి ఎర్రబడితే ఆలస్యం చెయ్యొద్దు. రేబీస్ కుక్కలకే కాదు, పిల్లులకీ వస్తుంది. టీకా వెయ్యని కూన కొరికి రక్తం వస్తే ఆ రోజే మీరు డాక్టర్‌కి చూపించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు అన్న భయం ఇంకా చాలామందికి ఉంది, ఆ రోజులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు వేసేది చేతికే. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, నొప్పి తగ్గిందని మధ్యలో మానొద్దు. కూనకి మూడు నెలలు నిండగానే దానికీ రేబీస్ టీకా వేయించండి, మళ్ళీ బూస్టర్ ఎప్పుడో వెట్‌ని అడిగి కార్డు మీద రాయించుకోండి.

గోళ్ళు కత్తిరించడం ఇందులో పట్టలేదు, అది వచ్చే వీడియోలో.